ఏ దేశానిదీ కాని జట్టు: వర్ణవివక్ష కాలంలో దక్షిణాఫ్రికాకు వెళ్లిన క్రికెటర్లు

క్లుప్తంగా: 1970 తర్వాత దక్షిణాఫ్రికాను క్రికెట్ లోకం వెలివేసింది. అయినా పలు దేశాల ఆటగాళ్లతో కూర్చిన ప్రైవేటు జట్లు అక్కడికి వెళ్తూనే ఉన్నాయి. వాటిలో పేరున్నది 1976లో గ్రెగ్ చాపెల్ నాయకత్వంలో పర్యటించిన ఇంటర్నేషనల్ వాండరర్స్. ఆ జట్టుకు జెండా లేదు కాబట్టి నిషేధం అంటలేదు. జెండా లేకపోవడం వల్లే అది తెచ్చిన మార్పుకు పూచీ పడేవాళ్లూ లేకపోయారు.

మహేంద్రసింగ్ ధోనీ వన్డే పరుగులు 10,773. వాటిలో 174 భారత్ తరఫున చేసినవి కావు. 2007లో చెన్నైలో ఆఫ్రికా ఎలెవెన్ మీద కొట్టిన అజేయ 139తో కలిపి ఆ పరుగులన్నీ ఆసియా ఎలెవెన్ అనే జట్టుకు ఆడినప్పుడు వచ్చాయి. అయినా వన్డే లెక్కలోకి ఎక్కాయి.

1976లో డెనిస్ లిల్లీ, డెరెక్ అండర్‌వుడ్ లాంటి టెస్టు బౌలర్లు ఒకే జట్టుగా దక్షిణాఫ్రికా వెళ్లి ఆడిన నాలుగు రోజుల మ్యాచ్‌లు మాత్రం ఏ అంతర్జాతీయ లెక్కలోనూ లేవు. పాత స్కోరుకార్డులు తిరగేసేవాళ్లను తికమక పెట్టే విషయమిది. రెండూ పలు దేశాల ఆటగాళ్లను పోగేసి కట్టిన జట్లే. తేడా ఆటలో లేదు. పిలిచింది ఎవరు, ఆ పిలుపును గుర్తించింది ఎవరు అన్నదే తేడా.

పిలుపు జట్టు ఎలా పుడుతుంది

దేశపు జట్టును ఆ దేశ బోర్డు ఎంపిక చేస్తుంది. ఆహ్వాన జట్టుకు ఆ తంతు ఉండదు. డబ్బున్న నిర్వాహకుడో, స్పాన్సరో, ఆతిథ్యమిచ్చే బోర్డో ఖర్చు పెట్టుకుంటారు. ఒక పేరున్న మేనేజరు ఫోన్లు చేసి, ఖాళీగా ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ ఒప్పిస్తాడు. ఒప్పందం ఆటగాడికీ నిర్వాహకుడికీ మధ్యనే. సొంత బోర్డు అడ్డు చెప్పకపోతే చాలు.

అప్పట్లో బోర్డులు అడ్డు చెప్పకపోవడానికి డబ్బు కూడా ఒక కారణం. 1977 నాటికి కూడా ఇంగ్లండ్ ఆటగాడికి ఒక టెస్టుకు దక్కేది సుమారు 200 పౌండ్లు. కౌంటీ సీజన్ సెప్టెంబరులో ముగిస్తే ఏప్రిల్ దాకా చేతిలో పని ఉండదు. చలికాలమంతా ఎండ కాసే చోట క్రికెట్ ఆడుకుంటూ సంపాదించుకునే వీలు ఉన్నది దక్షిణార్ధగోళంలోనే. అందులోనూ జీతమిచ్చి కోచ్‌లుగా పిలిచే క్లబ్బులు ఎక్కువగా ఉన్నది దక్షిణాఫ్రికాలో. ఇంగ్లిష్ ప్రొఫెషనల్‌కు అది రాజకీయం కన్నా ముందు బతుకుతెరువు. ఈ సంగతి పక్కన పెట్టి చూస్తే అంతమంది పెద్ద ఆటగాళ్లు ఎందుకు వెళ్లారో సగమే అర్థమవుతుంది.

మ్యాచ్‌ల హోదా సంగతికొస్తే, ఒక మ్యాచ్ ఫస్ట్‌క్లాసా (అధికారిక రికార్డుల్లోకెక్కే, మూడు రోజులు లేదా అంతకు మించిన మ్యాచా) కాదా అని తేల్చేది అది జరిగే దేశపు బోర్డు. కనుక అంతర్జాతీయ సమాఖ్యలో లేకపోయినా దక్షిణాఫ్రికా శ్వేతజాతి బోర్డు తన గడ్డ మీది మ్యాచ్‌లకు ఫస్ట్‌క్లాస్ ముద్ర వేసుకోగలిగింది. టెస్టు ముద్ర వేసే అధికారం మాత్రం దాని చేతిలో లేదు.

వెలి పడిన తీరు

దక్షిణాఫ్రికా 1961 మే 31న కామన్వెల్త్ నుంచి తప్పుకుంది. దాంతో అప్పటి ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్‌లో సభ్యత్వమూ పోయింది. అయినా ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఏమీ జరగనట్టే 1970 వరకు టెస్టులు ఆడాయి. భారత్, పాకిస్తాన్, వెస్టిండీస్‌లతో దక్షిణాఫ్రికా ఆ కాలంలో ఒక్క టెస్టు కూడా ఆడలేదు. వెలి నిజానికి ముందే ఉంది. వెలివేసింది ఎవరన్నదే మారుతూ వచ్చింది.

మలుపు 1968లో వచ్చింది. కేప్‌టౌన్‌లో పుట్టి, రంగు కారణంగా అక్కడ ఆడే దారిలేక ఇంగ్లండ్ వెళ్లి టెస్టు ఆటగాడైన బేసిల్ డి ఒలివెయిరాను ఇంగ్లండ్ జట్టులోకి తీసుకోవడంతో, ప్రధాని జాన్ వోర్స్టర్ ఆ జట్టును రానివ్వబోమన్నాడు. పర్యటన రద్దయింది. 1970 ఆరంభంలో ఆస్ట్రేలియాను 4-0తో చిత్తుచేసిన జట్టు మళ్లీ టెస్టు ఆడడానికి 22 ఏళ్లు పట్టింది. దక్షిణాఫ్రికా జట్టు తమ గడ్డకు రావాల్సిన పర్యటనలను 1970లో ఇంగ్లండ్, 1971-72లో ఆస్ట్రేలియా రద్దు చేశాయి.

ఆ రద్దుల ఖాళీని నింపింది కూడా ఆహ్వాన జట్లే. వెస్టిండీస్ ఆటగాడు గ్యారీ సోబర్స్ నాయకత్వంలో రెస్ట్ ఆఫ్ ద వరల్డ్ పేరుతో ఒక జట్టు ఇంగ్లండ్‌లోనూ, మరొకటి ఆస్ట్రేలియాలోనూ ఆడాయి. ఆస్ట్రేలియాలో గవాస్కర్, బేడీ, ఇంజనీర్, జహీర్ అబ్బాస్ ఉన్న డ్రెస్సింగ్ రూములోనే దక్షిణాఫ్రికాకు చెందిన పొలాక్ సోదరులూ ఉన్నారు. లిల్లీ 29 పరుగులకు 8 వికెట్లు తీసి పెర్త్‌లో 59కే ఆలౌట్ చేసింది ఈ జట్టునే. దక్షిణాఫ్రికా దేశంగా రాకూడదు, దక్షిణాఫ్రికన్ ఒక్కడిగా రావచ్చు. ఈ సూత్రాన్నే తిరగేస్తే మరో దారి కనిపిస్తుంది: మన దేశం అక్కడికి వెళ్లకూడదు, మన ఆటగాడు ఒక్కడిగా వెళ్లవచ్చు. ఊరు వెలివేసిన ఇంటికి దొడ్డిదారిన భోజనానికి వెళ్లడం లాంటిదన్నమాట.

సాల్స్‌బరీలో సోబర్స్

దొడ్డిదారి ఎంత ఖరీదైనదో మొదట తెలిసింది సోబర్స్‌కే. 1970 సెప్టెంబరులో అతను రొడీషియా రాజధాని సాల్స్‌బరీలో, అంటే నేటి హరారేలో, ఇద్దరిద్దరు జోడీగా ఆడే ఒక డబుల్ వికెట్ పోటీలో ఆడాడు. జోడీ అలీ బాకర్, దక్షిణాఫ్రికా కెప్టెన్. రొడీషియా 1965 నవంబరులో ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుని, తెల్లవారి పాలనను నిలబెట్టుకున్న దేశం. ఐక్యరాజ్యసమితి ఆంక్షలు దాని మీద ఉన్నాయి. క్రికెట్‌లో అది దక్షిణాఫ్రికా దేశవాళీ కరీ కప్‌లో ఒక రాష్ట్రం లాగా ఆడేది.

సోబర్స్ రొడీషియా ప్రధాని ఇయాన్ స్మిత్‌తో కలిసి భోజనం చేయడంతో కరీబియన్ దేశాలు భగ్గుమన్నాయి. క్షమాపణ చెప్పేదాకా గయానాలో అడుగుపెట్టనివ్వబోమని ఆ దేశ ప్రధాని ఫోర్బ్స్ బర్న్‌హామ్ పట్టుబట్టాడు. చివరికి సోబర్స్ వెస్టిండీస్ బోర్డుకు క్షమాపణ లేఖ రాశాడు. ఒక్కడిగా వెళ్లానన్న వాదన తెల్ల ఆటగాడికి నప్పినంత తేలిగ్గా నల్ల ఆటగాడికి నప్పలేదు. అతను ఎక్కడికెళ్లినా ఒక సమాజాన్ని వెంటబెట్టుకుని వెళ్లినట్టే చూశారు.

'బహుళజాతి' అనే మాటలోని మెలిక

1970ల మొదట్లో ఈ పర్యటనలకు ఊతం ఇచ్చింది డెరిక్ రాబిన్స్ అనే ఇంగ్లిష్ వ్యాపారవేత్త. కావెంట్రీ సిటీ ఫుట్‌బాల్ క్లబ్బుకు అధ్యక్షుడిగా చేసిన మనిషి. 1972-73 నుంచి 1975-76 వరకు ఏటా తన పేరు మీద ఒక జట్టును దక్షిణాఫ్రికా తీసుకెళ్లాడు. మొదటిసారి వెళ్లింది దాదాపు కౌంటీ జట్టు లాంటిదే. 1973-74లో బ్రయాన్ క్లోజ్ నాయకత్వంలో వెళ్లిన జట్టులో ఇద్దరి పేర్లు చూసి జనం ఆశ్చర్యపోయారు: బార్బడోస్‌కు చెందిన నల్లజాతి ఆల్‌రౌండర్ జాన్ షెపర్డ్, పాకిస్తాన్ బ్యాట్స్‌మన్ యూనిస్ అహ్మద్.

ఐదేళ్ల కిందట డి ఒలివెయిరాను రానివ్వని ప్రభుత్వం వీళ్లనెలా రానిచ్చింది? జవాబు వోర్స్టర్ ప్రభుత్వం 1971లో తెచ్చిన క్రీడా విధానంలో ఉంది. దాని పేరే 'బహుళజాతి' విధానం. దాని ప్రకారం దక్షిణాఫ్రికాలో ఉన్నది ఒక జాతి కాదు. తెల్లవారు, ఆఫ్రికన్లు, మిశ్రమవర్ణులు, భారతీయులు అనే వేర్వేరు 'జాతులు'. విదేశీ జట్టు వచ్చిన పెద్ద సందర్భాల్లో ఈ 'జాతులు' ఒకదానితో ఒకటి తలపడవచ్చు. ఊళ్లో క్లబ్బు స్థాయిలో మాత్రం కలిసి ఆడరాదు.

తెలుగులో ఈ మెలిక ఇంకా బాగా తెలుస్తుంది. దేశానికీ జాతే, రంగుకూ జాతే, కులానికీ జాతే మన మాట. రాబిన్స్ జట్టు ఒక అర్థంలో బహుళజాతి: పలు దేశాల నుంచి వచ్చింది. ప్రిటోరియాలోని ప్రభుత్వం మరో అర్థంలో బహుళజాతి అంటోంది: ఒకే దేశాన్ని రంగుల వారీగా నాలుగు దేశాలుగా చూపిస్తోంది. మొదటి అర్థం రెండోదానికి ముసుగుగా పనికొచ్చింది. నల్ల అతిథి మైదానంలో కనిపిస్తే, అదిగో మార్పు వచ్చేసింది అని విదేశాలకు చెప్పుకోవచ్చు. అదే మైదానంలో స్టాండ్లు, గేట్లు, మరుగుదొడ్లు 1953 చట్టం ప్రకారం రంగుల వారీగానే ఉండేవి.

ఆ ఇద్దరూ మూల్యం చెల్లించారు. షెపర్డ్ టెస్టు జీవితం అంతకుముందు ఆడిన 5 మ్యాచ్‌ల దగ్గరే ఆగిపోయింది. 1969లో టెస్టుల్లోకి వచ్చిన యూనిస్‌ను పాకిస్తాన్ బోర్డు నిషేధించింది. అతను మళ్లీ టెస్టు ఆడింది 1987లో, జైపూర్‌లో, భారత్ మీద. క్లోజ్‌కు అలాంటి ఇబ్బందేమీ రాలేదు. 1976లో 45 ఏళ్ల వయసులో ఇంగ్లండ్ తరఫున వెస్టిండీస్ పేసర్లకు ఎదురునిలవడానికి అతన్నే పిలిచారు.

1976: వాండరర్స్ పెట్టిన షరతు

వాండరర్స్ అంటే దేశదిమ్మరులు. జొహన్నెస్‌బర్గ్‌లోని పెద్ద క్రికెట్ మైదానానికీ అదే పేరు. 1970ల మొదట్లో రొడీషియాలోనూ ఆడిన ఈ పేరుగల జట్టు 1976 మార్చిలో దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టింది. మేనేజర్ రిచీ బెనో, కెప్టెన్ గ్రెగ్ చాపెల్. ఆస్ట్రేలియా నుంచి లిల్లీ, గ్యారీ గిల్మోర్, ఆష్లే మాలెట్. ఇంగ్లండ్ నుంచి అండర్‌వుడ్, మైక్ డెన్నెస్. న్యూజిలాండ్ నుంచీ ఆటగాళ్లు వచ్చారు. కాగితం మీద చూస్తే ఆనాటి ఏ టెస్టు జట్టుకైనా ముచ్చెమటలు పట్టించే బృందం.

అంతకుముందు పర్యటనలకూ దీనికీ అసలు తేడా ఎదుటి జట్టులో ఉంది. ప్రత్యర్థిగా తెల్లవారి జట్టు కాకుండా అన్ని రంగుల వారితో కూర్చిన జట్టు ఉండాలని బెనో షరతు పెట్టాడు. దక్షిణాఫ్రికా ఇన్విటేషన్ ఎలెవెన్ అన్న పేరుతో అలాగే కూర్చారు. ఒక పిలుపు జట్టు మీద ఇంకో పిలుపు జట్టు!

షరతు నెరవేరడానికి దేశం లోపల వీలు కుదిరింది. అక్కడ అప్పటిదాకా మూడు బోర్డులు ఉండేవి: తెల్లవారిది, ఆఫ్రికన్లది, రంగు పాటించని సాక్‌బాక్ (సౌతాఫ్రికన్ క్రికెట్ బోర్డ్ ఆఫ్ కంట్రోల్). భారత సంతతి, మిశ్రమవర్ణ ఆటగాళ్లు ఎక్కువగా ఉన్న ఆ మూడోదానికి నాయకుడు హసన్ హోవా. అసహజమైన సమాజంలో సహజమైన క్రీడ ఉండదన్నది అతని వాదం. 1976 జనవరిలో మూడు బోర్డులూ ఒకటవడానికి చర్చలు మొదలుపెట్టాయి. ఆ కొద్ది నెలల ఆశలోనే సాక్‌బాక్ ఆటగాళ్లు ఇన్విటేషన్ ఎలెవెన్‌లోకి వచ్చారు.

వాళ్లలో ఇస్మాయిల్ 'బాబూ' ఇబ్రహీం ఒకడు. డర్బన్ భారతీయుడు, ఎడమచేతి స్పిన్నర్. సొంత ఊళ్లోని కింగ్స్‌మీడ్‌లో టెస్టు బ్యాట్స్‌మెన్ నిండిన ఆ జట్టు రెండో ఇన్నింగ్స్‌లో 66 పరుగులకు 6 వికెట్లు తీశాడు. ఆ పిచ్ మీద అతని లాంటివాళ్లకు అంతకుముందు చోటే లేదు. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో ఓడ మీద చెరకు తోటల కూలీలుగా దిగిన తొలి తమిళ, తెలుగు కుటుంబాల కాలం నుంచీ నాటల్‌లో భారతీయులు ఉన్నారు. ఆటలో వాళ్ల లీగులు వాళ్లవి, పచ్చిక బదులు చాప పరిచిన మ్యాటింగ్ వికెట్లు వాళ్లవి. ప్రతిభ లేక కాదు, పచ్చిక లేక వెనకబడ్డారని చెప్పడానికి ఆ ఒక్క ఇన్నింగ్స్ సరిపోయింది.

అక్కడే ఆ పర్యటన సాధించినదీ ఉంది, దాని పరిమితీ ఉంది. నాలుగు రోజుల కోసం ప్రభుత్వం అనుమతించిన కలయిక ఐదో రోజు ఉండదు. ఇబ్రహీం ఏ వీధిలో ఇల్లు కొనుక్కోవచ్చో తేల్చేది అప్పటికీ 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టమే.

మూడు నెలలకే సొవెటో

జట్టు వెళ్లిపోయాక, జూన్ 16న సొవెటోలో ఆఫ్రికాన్స్ భాషలో చదువును వ్యతిరేకిస్తూ వీధుల్లోకి వచ్చిన బడిపిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మార్పు క్రికెట్ మైదానం నుంచి మెల్లగా పాకుతుందన్న మాటకు ఆ తర్వాత బరువు లేకుండా పోయింది. 1977 జూన్‌లో కామన్వెల్త్ దేశాలు గ్లెనీగిల్స్ ఒప్పందంతో దక్షిణాఫ్రికాతో క్రీడా సంబంధాలను నిరుత్సాహపరచడానికి కట్టుబడ్డాయి.

అదే ఏడాది మూడు బోర్డుల విలీనం జరిగింది, జరగలేదు కూడా. రషీద్ వరాచియా అధ్యక్షుడిగా క్రికెట్ యూనియన్ ఏర్పడింది. చట్టాలు మారకుండా విలీనమేమిటని హోవా వర్గం విడిపోయి వేరే బోర్డు పెట్టుకుంది. మైదానం నుంచి మార్పు తేవచ్చని యూనియన్, సమాజం మారాకే మైదానమని హోవా వర్గం. 1991 దాకా ఈ రెండూ సర్దుకోలేదు. కొత్త యూనియన్ వైపు వెళ్లిన నల్ల, మిశ్రమవర్ణ ఆటగాళ్లను సొంత వాడల్లోనే ద్రోహులుగా చూశారు.

మిశ్రమ జట్టు పోయి తిరుగుబాటు జట్టు

1980లలో పలు దేశాల కలగలుపు జట్లు వెనక్కి పోయి, ఒకే దేశపు ఆటగాళ్లు సొంత బోర్డును ధిక్కరించి వెళ్లే 'రెబెల్' పర్యటనలు వచ్చాయి. 1982లో గ్రాహం గూచ్ ఇంగ్లిష్ జట్టు, అదే ఏడాది చివర్లో శ్రీలంక తొలి టెస్టు కెప్టెన్ బందుల వర్ణపుర బృందం, 1983లో లారెన్స్ రో నాయకత్వంలో వెస్టిండియన్లు, తర్వాత కిమ్ హ్యూస్ ఆస్ట్రేలియన్లు, 1990లో మైక్ గ్యాటింగ్ జట్టు.

ఈ మార్పుకు ఒక కారణం టికెట్ల దగ్గర ఉంది. కలగలుపు జట్టు వస్తే మంచి క్రికెట్ చూడవచ్చు గానీ, గెలిస్తే ఎవరిని గెలిచినట్టు? ఏళ్ల తరబడి టెస్టులు లేని ప్రేక్షకుడికి కావలసింది దేశం మీద దేశం ఆడుతున్న భ్రమ. ఒకే దేశపు ఆటగాళ్లను తెస్తే ఆ భ్రమ అమ్ముకోవచ్చు. దక్షిణాఫ్రికా నిర్వాహకులు తమ ఆటగాళ్లకు దేశపు జట్టుకిచ్చే స్ప్రింగ్‌బాక్ గుర్తింపులు కూడా ఇచ్చారు. స్పాన్సర్లకు ప్రభుత్వం భారీ పన్ను రాయితీలు ఇచ్చింది, కాబట్టి ఖర్చులో పెద్ద వాటా ఖజానాదే.

శిక్షలూ అదే లెక్కన పెరిగాయి. 1976లో వెళ్లినవాళ్లు ఇంటికొచ్చి మామూలుగా టెస్టులు ఆడారు. 1982 ఇంగ్లిష్ ఆటగాళ్లకు మూడేళ్లు, శ్రీలంక ఆటగాళ్లకు 25 ఏళ్లు, వెస్టిండియన్లకు జీవితకాల నిషేధం పడ్డాయి. చివరి రెండూ తర్వాత సడలాయి. జెండా లేకుండా వెళ్తే తప్పు ఆటగాడి సొంతం. జెండా కట్టుకున్నట్టు నటిస్తే దేశం పరువు పోయినట్టు. శిక్షల తేడాలో ఈ తర్కం ఉంది, కొంత రంగూ ఉంది. వెస్టిండీస్ రెబెల్ కోలిన్ క్రాఫ్ట్‌ను కేప్‌టౌన్‌లో తెల్లవారి రైలు పెట్టె నుంచి దింపేశారు. లక్ష డాలర్లని చెప్పుకున్న పారితోషికం కూడా ఆ పెట్టెలో సీటు కొనిపెట్టలేకపోయింది.

హోదా తికమక

ఇప్పుడు ధోనీ 174 పరుగుల దగ్గరికి మళ్లీ రావచ్చు. 1970లో ఇంగ్లండ్‌లో జరిగిన రెస్ట్ ఆఫ్ ద వరల్డ్ మ్యాచ్‌లను మొదట టెస్టులన్నారు, తర్వాత కాదన్నారు. లార్డ్స్‌లో ఆ ఒక్క మ్యాచ్ ఆడి 5, 0 చేసిన గ్లామోర్గన్ ఓపెనర్ అలన్ జోన్స్ టెస్టు క్రికెటర్ కాకుండాపోయాడు. 2020లో, అంటే యాభై ఏళ్ల తర్వాత, ఇంగ్లండ్ బోర్డు అతనికి 696వ నంబరు క్యాప్ ఇచ్చి కొంత సరిదిద్దింది.

గూచ్‌ది మరో చిక్కు. 1993 జనవరిలో కటక్‌లో నూరో సెంచరీ కొట్టానని సంబరం చేసుకున్నాడు. రెబెల్ పర్యటనలోని అతని సెంచరీ ఫస్ట్‌క్లాస్ కాదని ఐసీసీ తేల్చడంతో, ఆ ఏడాదే కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం మీద ఇంకో నూరోది కొట్టాల్సి వచ్చింది.

2005లో లెక్క తిరగబడింది. ఇంజమామ్ కెప్టెన్సీలో సెహ్వాగ్, ద్రవిడ్, కుంబ్లే, సంగక్కర, షోయబ్ అఖ్తర్ ఉన్న ఆసియా ఎలెవెన్ సెంచూరియన్, డర్బన్‌లలో ఆఫ్రికా ఎలెవెన్‌తో మూడు మ్యాచ్‌లు ఆడితే ఐసీసీ వాటికి ముందే వన్డే హోదా ఇచ్చింది. రూపం చూస్తే అది 1976 వాండరర్స్‌కు చుట్టమే.

భారత్ వైపు నుంచి చూస్తే

ఈ జట్ల జాబితాల్లో భారత టెస్టు ఆటగాళ్లు కనిపించకపోవడానికి కారణం పాస్‌పోర్టులోనే ఉండేది. దక్షిణాఫ్రికాకు చెల్లదని భారత పాస్‌పోర్టు మీద ముద్ర వేసేవారు. 1946లోనే దక్షిణాఫ్రికాతో వాణిజ్యం ఆపేసిన దేశం మనది. 1974లో డేవిస్ కప్ ఫైనల్లో ఎదురుగా దక్షిణాఫ్రికా ఉందని కప్పునే వదులుకుంది. దొడ్డిదారిన వెళ్లినవాళ్లు ముందు గుమ్మంలోకి వస్తే కూడా ఢిల్లీ ఆపేది. 1981-82లో ఇంగ్లండ్ జట్టులోని బాయ్‌కాట్, జెఫ్ కుక్‌ల విషయంలో అభ్యంతరం లేచి, వర్ణవివక్షకు తాము వ్యతిరేకమని వాళ్లు చెప్పాకే పర్యటన సాగింది. ఆ శీతాకాలం ముగియకముందే బాయ్‌కాట్ రెబెల్ జట్టుతో దక్షిణాఫ్రికాలో ఉన్నాడు! 1988-89లో గూచ్ కెప్టెన్‌గా ఎంపికైన జట్టులో దక్షిణాఫ్రికా సంబంధాలున్నవారికి వీసాలు నిరాకరించడంతో పర్యటనే రద్దయింది.

అంత గట్టిగా తలుపు మూసిన దేశమే మొదట తెరిచింది కూడా. 1991 నవంబరు 10న దక్షిణాఫ్రికా పునరాగమన వన్డే కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో జరిగింది. ఏడాదికి హైదరాబాదీ అజహరుద్దీన్ నాయకత్వంలో భారత జట్టు అక్కడికి వెళ్లింది. మొదటి టెస్టు డర్బన్‌లో, పదహారేళ్ల కిందట ఇబ్రహీం ఆరు వికెట్లు తీసిన కింగ్స్‌మీడ్‌లోనే. ఆ టెస్టులో దక్షిణాఫ్రికా తరఫున ఒమర్ హెన్రీ ఆడాడు. వెలి ముగిశాక దక్షిణాఫ్రికాకు టెస్టు ఆడిన తొలి తెల్లవాడు కాని ఆటగాడు అతనే. 1977 చీలికలో యూనియన్ వైపు వెళ్లి సొంతవాళ్ల చేత ద్రోహి అనిపించుకున్న ఎడమచేతి స్పిన్నర్. టెస్టు క్యాప్ చేతికందేసరికి అతనికి నలభై ఏళ్లు.